టైఫాయిడ్ సర్టిఫికెట్

సెమిస్టర్ చివర్లో అటెండెన్స్ లెక్కలు తీసే వారం మా డిపార్ట్‌మెంట్ ముందు ఎప్పుడూ క్యూ ఉంటుంది. 75 శాతానికి తగ్గినవాళ్లు కండోనేషన్ ఫీజు కట్టి, మెడికల్ సర్టిఫికెట్ తెచ్చివ్వాలి. ఆ సర్టిఫికెట్ల మీద చాలావరకు ఒకటే జబ్బు ఉంటుంది, టైఫాయిడ్. కాదంటే కామెర్లు. ఊళ్లో తెలిసిన డాక్టరు రాసిచ్చిన ఆ కాగితాలను ఎవరూ రెండోసారి చదవరు. కొన్నేళ్ల కిందట ఎమ్మెస్సీ మొదటి ఏడాది అబ్బాయి ఒకడు అలాంటి కాగితమే తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. మనిషి సగమైపోయాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. “టైఫాయిడ్ తగ్గి ఎన్నాళ్లయింది?” అని అడిగాను. తల దించుకుని కాసేపు నిలబడి, “టైఫాయిడ్ రాలేదు సార్. నిద్ర పట్టట్లేదు. పొద్దున మంచం దిగలేకపోతున్నా. ఏమైందో నాకే తెలియట్లేదు” అన్నాడు.

అతనికి జబ్బు చేసిన మాట నిజం. ఆ జబ్బు పేరు చెప్పి సెలవు అడగొచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు కాబట్టి, నలుగురికీ తెలిసిన జబ్బు పేరు రాయించుకొచ్చాడు. నేను ఆ రోజు “ధైర్యంగా ఉండాలిరా, ఈ వయసులో ఇవన్నీ మామూలే” అని వీపు తట్టి పంపేశాను. అది తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా చదవాల్సివచ్చింది, చాలామంది పిల్లలతో మాట్లాడాల్సివచ్చింది.

యూనివర్సిటీల్లో కౌన్సెలర్లు చాలరన్నది నిజమే. అయితే కౌన్సెలర్ గది దాకా వెళ్లడానికి ముందే దాటాల్సిన గడప ఒకటుంది. తనకున్నది జబ్బని పిల్లవాడు అనుకోవాలి, ఆ మాట ఒక మనిషితో అనాలి. ఎక్కువమంది ఆగిపోతున్నది అక్కడే.

ఏది జబ్బు, ఏది కాదు? పరీక్ష పోతే ఏడుపొస్తుంది. ప్రేమించిన మనిషి దూరమైతే నాలుగు రోజులు అన్నం సహించదు. హాస్టల్లో మొదటి నెల ఇంటి మీద బెంగ ఉంటుంది. వీటికి వైద్యం అక్కర్లేదు, తోడు కావాలి. బెంగ సంగతి మన అమ్మమ్మలకు బాగా తెలుసు. చదువుకోమని పంపిన పిల్లాడికి జ్వరం తగ్గకపోతే “బెంగపెట్టుకున్నాడు, తీసుకొచ్చేయండి” అనేవారు. మనసులో పుట్టింది ఒంట్లో కనబడుతుందని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు.

బెంగ దాటి జబ్బయిందని గుర్తుపట్టడానికి డాక్టర్లు ముఖ్యంగా రెండు చూస్తారు. ఒకటి కాలం. దిగులు గానీ, దేని మీదా ఆసక్తి లేకపోవడం గానీ దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాల పాటు ఉంటే డిప్రెషన్ అని అనుమానిస్తారు. రెండోది రోజువారీ పని. స్నానం చేయడం, మెస్‌కు నడిచి వెళ్లడం, ఇంటి నుంచి వచ్చిన ఫోను ఎత్తడం కూడా కొండంత పనిగా అనిపిస్తోందా అని అడుగుతారు. నిద్ర తెల్లవారుజామున చెదిరిపోతుంది, లేదా పన్నెండు గంటలు పడుకున్నా తీరదు. ఆకలి పోతుంది. అన్నిటికీ తనదే తప్పనిపిస్తుంది. ఒకే పేరా నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కదు. చదువుకునే పిల్లలను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఈ చివరిదే. తెలివి మొద్దుబారిపోయిందని, తాను ఈ కోర్సుకు తగనని నమ్మేస్తారు. దృష్టి నిలవకపోవడం ఆ జబ్బు లక్షణాల్లో ఒకటి. చాలామందికి వైద్యంతో జబ్బు తగ్గేకొద్దీ చదువు మళ్లీ తలకెక్కుతుంది. ఈ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే చదువు మానేయకుండా ఆగిపోయేవాళ్లు కొందరైనా ఉండేవారని నా నమ్మకం.

ఆందోళన జబ్బు వేరే వేషంలో వస్తుంది. వైవా అనగానే గుండె దడ, చేతులు చల్లబడటం, ఊపిరి అందనట్టు ఉండటం, ఇక ప్రాణం పోతుందన్నంత భయం. కొన్ని నిమిషాల్లోనే శిఖరానికి చేరి మెల్లగా దిగిపోతుంది. దాన్నే పానిక్ అటాక్ అంటారు. పిల్లవాడు పరుగున ఆసుపత్రికి వెళ్తాడు, ఈసీజీ నార్మల్ వస్తుంది, “ఏం లేదు, టెన్షన్ పడకు” అని పంపేస్తారు. ఏమీ లేకపోతే అంత బాధ ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు. అతను మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయంతో క్లాసులకు, బస్సులకు, చివరికి క్యాంటీన్‌కు దూరమవుతాడు. ఇంకా అరుదుగా, ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారనిపించడం, రోజుల తరబడి నిద్రలేకుండా విపరీతమైన హుషారుతో ఉండటం కూడా ఈ వయసులోనే మొదలవుతాయి. ఇవి కనబడితే కౌన్సెలర్ దగ్గర ఆగకుండా నేరుగా సైకియాట్రిస్ట్ దగ్గరికే తీసుకెళ్లాలి, అదీ ఆలస్యం లేకుండా.

ఈ వయసులోనే ఎందుకు? అమెరికాలో రోనాల్డ్ కెస్లర్ బృందం 2005లో ప్రచురించిన సర్వే ప్రకారం జీవితకాలంలో వచ్చే మానసిక జబ్బుల్లో సగం 14 ఏళ్లలోపు, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్లలోపు మొదలవుతాయి. అంటే మనం పిల్లలను యూనివర్సిటీకి పంపే వయసుకు ఈ జబ్బుల్లో చాలావరకు మొదలైపోయో, మొదలవుతూనో ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో ఎనిమిది దేశాల్లోని 19 కాలేజీల్లో దాదాపు 14 వేలమంది మొదటి ఏడాది విద్యార్థులను అడిగితే, ఏదో ఒక దశలో మానసిక సమస్య లక్షణాలు ఉన్నట్టు తేలినవాళ్లు 35 శాతం. ఆ ఎనిమిదింటిలో మన దేశం లేదు. మన దగ్గర ఏటా లెక్క కట్టేది చివరి మెట్టును మాత్రమే. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదిక ప్రకారం 2022లో ఆత్మహత్యతో చనిపోయిన విద్యార్థులు 13,044 మంది. స్కూలు పిల్లలూ అందులో ఉన్నారు. ఆ మెట్టు దాకా రాకుండా మౌనంగా బాధపడుతున్నవాళ్లు దానికి ఎన్నో రెట్లు ఉంటారు.

మన రాష్ట్రాల పిల్లల విషయంలో ఇంకొకటి గమనించాను. ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున బెల్లుతో లేచి, స్టడీ అవర్స్ అయ్యాక బెల్లుతోనే పడుకున్న పిల్లలు వీళ్లు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు చదవాలో, వీక్లీ టెస్టులో ఎన్ని మార్కులు రావాలో అన్నీ వేరేవాళ్లు నిర్ణయించారు. ఆ తర్వాత ఒక్కసారిగా యూనివర్సిటీ హాస్టల్లో వదిలేస్తాం. బెల్లు లేదు, అడిగేవాళ్లు లేరు. అదే సమయంలో జిల్లా అంతటికీ ఫస్ట్ వచ్చిన అమ్మాయికి క్లాసులో నలభయ్యో ర్యాంకు వస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు సెమినార్లో నోరు విప్పలేడు. బ్యాక్‌లాగ్ ఒకటి పడుతుంది, ఇంట్లో చెప్పడు. రెండోది పడుతుంది, ఇప్పుడిక చెప్పలేడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సకాలంలో రాక కాలేజీ డబ్బు కట్టమంటుంది, ఇంట్లో అప్పు మీద అప్పు. రాత్రి తొమ్మిదికి అమ్మ ఫోను. తిన్నావా? తిన్నా. బాగున్నావా? బాగున్నా. ఫోను పెట్టేసేసరికి అన్నం తినని ఆ పిల్లాడికి అబద్ధం చెప్పానన్న బాధ కూడా తోడవుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. క్యాంపస్‌లో కులం పేరుతో అవమానించడం, గైడ్ వేధించడం, ఫెలోషిప్ ఆపేయడం వీటికి మందు సైకియాట్రీలో లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం తర్వాత దేశమంతా ఈ చర్చే జరిగింది. అన్యాయం జరుగుతున్నచోట అన్యాయాన్ని ఆపాలి. బాధపడుతున్న మనిషికి వైద్యం అవసరమైతే అదీ అందించాలి. ఒకటి చేస్తున్నాం కదా అని రెండోదాన్ని వదిలేయకూడదు.

సరే, అంత బాధ ఉన్నప్పుడు ఎందుకు వెళ్లరు? సిగ్గు వల్ల, జనం ఏమనుకుంటారోనని, అని నేనూ అనుకునేవాణ్ని. ఇందాక చెప్పిన అంతర్జాతీయ సర్వేలోనే ఈ ప్రశ్న కూడా అడిగారు. ముందుముందు మానసిక సమస్య వస్తే తప్పకుండా చికిత్సకు వెళతామన్నవాళ్లు 24.6 శాతమే. వెళ్లే ఉద్దేశం అంతగా లేనివాళ్లను కారణం అడిగితే అన్నిటికంటే ఎక్కువమంది, 56.4 శాతం, చెప్పింది “నా సమస్య నేనే చూసుకుంటాను” అని. తర్వాతి కారణం, స్నేహితులతోనో ఇంట్లోవాళ్లతోనో మాట్లాడుకుంటామని, 48 శాతం.

“నేనే చూసుకుంటా” అన్నది మంచి గుణంలాగే కనబడుతుంది. మనం పిల్లలకు నేర్పిందీ అదే. చిక్కెక్కడంటే, డిప్రెషన్ ముందుగా దెబ్బకొట్టేది ఆ చూసుకునే శక్తినే. కాలు విరిగినవాడు నేనే నడిచి ఆసుపత్రికి వెళతానంటే మనం ఒప్పుకోం. ఇక్కడ విరిగింది పైకి కనబడదు కాబట్టి ఒప్పేసుకుంటాం. పైగా ఆ జబ్బు మనిషి చేత “ఇది జబ్బు కాదు, నేనే సోమరిని, నేనే పనికిరానివాణ్ని” అనిపిస్తుంది. సోమరినని నమ్మినవాడు డాక్టరు దగ్గరికి వెళ్లడు, తనను తాను తిట్టుకుంటాడు.

సిగ్గు లేదనడం లేదు. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లు ఎవరినైనా ఆటపట్టించాలంటే “ఎర్రగడ్డకు పంపాలి” అంటారు. విశాఖలో ఆ మాటకు చినవాల్తేరు వస్తుంది. రెండుచోట్లా ఉన్నవి ప్రభుత్వ మానసిక వైద్యశాలలు. చిన్నప్పటి నుంచి ఆ మాట విని నవ్విన పిల్లవాడు రేపు ఆ ఓపీలో ఎలా నిలబడతాడు? ఇంకో మాటా అడ్డం పడుతోంది. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఒకటి ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్, రెండోది తాగి బండి నడిపినవాళ్లకు, రౌడీ షీటర్లకు పోలీసులు ఇచ్చేది. “కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు” అని పేపర్లో చదివితే చీవాట్లు పెట్టారనే అర్థం. “నువ్వు కౌన్సెలింగ్‌కు వెళ్లు” అని లెక్చరర్ అంటే విద్యార్థికి వినబడేదీ అదే. నేనిప్పుడు ఆ మాట వాడటం మానేశాను. “నీ బాధ వినడానికి ఒకరున్నారు, నాతో రా, పరిచయం చేస్తా” అంటున్నాను.

ఆ తలుపు వెనక ఏం జరుగుతుందో తెలియకపోవడం కూడా ఒక భయమే. అందుకని కాస్త వివరంగా చెబుతాను. కౌన్సెలర్, క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ముగ్గురూ ఒకటి కాదు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేకంగా శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు చేస్తారు, మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. కౌన్సెలర్ రోజువారీ ఒత్తిళ్లను విని దారి చూపుతారు, జబ్బనిపిస్తే పై ఇద్దరి దగ్గరికి పంపుతారు. బోర్డు మీద కౌన్సెలర్ అని రాసుకున్న ప్రతివారికీ శిక్షణ ఉండదు కాబట్టి ఏం చదివారో అడగడంలో తప్పులేదు.

మొదటిసారి వెళితే సాధారణంగా అరగంట నుంచి గంట మాట్లాడిస్తారు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇంతకుముందెప్పుడైనా ఇలా అయిందా, మందు, గంజాయి అలవాటుందా అని అడుగుతారు. గంజాయి అన్నారని పోలీసులకు చెబుతారేమోనని కంగారుపడక్కర్లేదు, వైద్యానికి అవసరమై అడుగుతారు. తొమ్మిది ప్రశ్నలున్న ఒక కాగితం ఇవ్వొచ్చు. గత రెండు వారాల్లో ఒక్కో బాధ ఎన్ని రోజులు ఉందో టిక్ పెట్టాలి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకుమించి గానీ వస్తే డిప్రెషన్ ఉందేమో లోతుగా చూస్తారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. అక్కడ నిజం చెప్పడమే మంచిది. థైరాయిడ్, రక్తహీనత కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి కాబట్టి రక్తపరీక్ష రాయొచ్చు.

మాటల చికిత్స అంటే ఓదార్పు మాటలనుకుంటాం. ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో జరిగేది ఇది. “బ్యాక్‌లాగ్ వచ్చింది, ఇక నా బతుకు అయిపోయింది” అని పిల్లవాడు అంటాడు. ఆ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో అతని చేతే కాగితం మీద రాయిస్తారు. సప్లీ రాసి పాసై ఉద్యోగాల్లో ఉన్న సీనియర్లు ఎంతమంది తెలుసో అడుగుతారు. వచ్చే వారానికి హోంవర్క్ ఇస్తారు. అది చాలా చిన్నదిగా ఉంటుంది. రోజూ పొద్దున తొమ్మిదిలోపు మెస్ దాకా నడిచి వెళ్లి టిఫిన్ చేయాలి, అంతే. మనసు బాగుపడ్డాక లేద్దామని చూడకుండా ముందు లేచి నడిస్తే మనసు మెల్లగా వెనక వస్తుందన్నది దాని వెనక సూత్రం.

మందులు అవసరమని డాక్టరు అంటే భయం ఎక్కువ. జీవితాంతం వాడాలా, అలవాటైపోతాయా? ఇప్పుడు డిప్రెషన్‌కు మామూలుగా మొదట ఇచ్చే మందులు మత్తుమందుల్లాగా వ్యసనమయ్యేవి కావు. నిద్రమాత్రల్లో కొన్నిటికి ఆ ప్రమాదం ఉంది, అందుకే వాటిని కొద్దిరోజులకే ఇస్తారు. డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. అంటే మేలు కనబడకముందే కీడు కనబడుతుంది. చాలామంది ఆ మొదటి రోజుల్లోనే మానేసి “నాకు పడలేదు” అంటారు. 25 ఏళ్లలోపువాళ్లలో కొందరికి మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కాబట్టి ఆ రోజుల్లో డాక్టరును త్వరత్వరగా కలవాలి, రూమ్మేట్‌కో ఇంట్లోవాళ్లకో తెలిసుండాలి. బాగున్నాక కూడా కొన్ని నెలలు వాడిస్తారు, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. మన ఇష్టానికి ఒక్కసారిగా ఆపకూడదు.

ఖర్చు సంగతి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, ప్రత్యేకంగా ఎర్రగడ్డ, చినవాల్తేరు ఆసుపత్రులు ఉన్నాయి. ఎటూ కదల్లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ, డబ్బులేమీ లేకుండా, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే పైస్థాయి నిపుణులకు కలుపుతారు.

చెప్పింది బయటికి పొక్కుతుందేమోనన్న భయానికి జవాబు చట్టంలోనే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. వైద్య సేవల్లో మానసిక జబ్బును శరీర జబ్బుతో సమానంగా చూడాలని కూడా ఆ చట్టం చెబుతోంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్ష బదులు సంరక్షణ ఇవ్వాలనీ అందులోనే ఉంది. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, వాళ్లకు ఈ మాట చేరాలి.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని 2023లో చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సామాజిక కార్యకర్త గానీ కనీసం ఒకరుండాలి. వీలైనంతవరకు మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో అందరికీ కనబడేలా రాసిపెట్టాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మీ అబ్బాయో అమ్మాయో చదివే కాలేజీలో ఇవి ఉన్నాయా అని ప్రిన్సిపల్‌ను అడగండి. ఫీజు గురించి అడిగినంత గట్టిగా అడగండి.

తమ బాధ స్నేహితులతోనో ఇంట్లోవాళ్లతోనో చెప్పుకుంటామన్న ఆ 48 శాతం సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. అంటే హాస్టల్లో ఆసుపత్రి కంటే ముందు తెరుచుకునే తలుపు రూమ్మేట్. మెస్‌లో ప్లేటు కనబడకపోవడం, బకెట్లో బట్టలు వారంగా నానుతూ ఉండటం, వాట్సాప్ గ్రూపుల నుంచి ఒక్కొక్కటిగా తప్పుకోవడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం ముందుగా చూసేది అతనే. “ఏమైందిరా, ఈ మధ్య తేడాగా ఉన్నావు” అని అడిగి, ఊరుకోవాలి. సలహా ఇవ్వకుండా వినాలి. అనుమానం ఉంటే “చనిపోవాలనిపిస్తోందా?” అని నేరుగా అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడిగినందువల్ల ఆ ఆలోచన పెరిగినట్టు పరిశోధనల్లో కనబడలేదు, చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టే ఉంటుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు. “ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి” అంటే వేయకూడదు. వార్డెన్‌నో, నమ్మకమైన లెక్చరర్‌నో పిలవాలి, 14416కు ఫోన్ చేయాలి, ప్రమాదం దగ్గర్లో ఉంటే 108. స్నేహితుడు వైద్యుడు కానక్కర్లేదు. వైద్యుడి దాకా వెంట నడిస్తే చాలు.

అమెరికాలో చదివే మన పిల్లలకు దీని మీద ఇంకో భయం, వీసా. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో కూర్చుని మాట్లాడినంత మాత్రాన ఎఫ్-1 వీసా పోదు. జబ్బు వల్ల కోర్సులు తగ్గించుకోవాల్సివస్తే డాక్టరు గానీ క్లినికల్ సైకాలజిస్ట్ గానీ ఇచ్చిన లేఖతో, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి ముందుగా అనుమతి తీసుకుని, ఒక్కో డిగ్రీ స్థాయిలో మొత్తం 12 నెలల దాకా తగ్గించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అడగకుండా క్లాసులు మానేస్తేనే ఇబ్బంది. అక్కడ మానసిక సంక్షోభాలకు హెల్ప్‌లైన్ 988.

తల్లిదండ్రులకు ఒక్క మాట. రాత్రి ఫోన్లో “తిన్నావా” తర్వాత “ఎన్ని మార్కులొచ్చాయి” అని అడిగే ముందు, “నిద్ర పడుతోందా?” అని అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోతే ఫోను పెట్టేయకండి.

ఆ ఎమ్మెస్సీ అబ్బాయి తర్వాతి సెమిస్టర్లో మళ్లీ వచ్చాడు. ఈసారి రూమ్మేట్ పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడట. పేపర్లు రెండు మిగిలే ఉన్నాయి, ఒళ్లు మాత్రం కాస్త తేరుకుంది. అటెండెన్స్ మళ్లీ తగ్గింది. జేబులోంచి మడతపెట్టిన ఓపీ చీటీ తీశాడు, దాని మీద సైకియాట్రీ విభాగం స్టాంపు ఉంది. “ఇది పెట్టొచ్చా సార్, లేకపోతే ఊళ్లో టైఫాయిడ్ అని రాయించుకురానా?” అన్నాడు. ఇదే పెడదామన్నాను. క్లర్కు చీటీని ఒకసారి చూసి, నంబరు వేసి, రెండు కన్నాలు కొట్టి, మిగతా సర్టిఫికెట్లతో పాటు ఫైల్లో గుచ్చాడు.